ప్రైవేట్ స్థలంలో కారుకి క్లాంప్ వేసి డబ్బు లాగారా? ఇంగ్లండ్‌లో స్మాల్ క్లెయిమ్ వేసి వెనక్కి రాబట్టుకోవడం ఎలా

ఇంగ్లండ్‌లో గానీ వేల్స్‌లో గానీ ప్రైవేట్ స్థలంలో ఆపిన మీ కారు చక్రానికి ఎవరో క్లాంప్ బిగించి, తీయాలంటే రెండొందల యాభయ్యో మూడొందలో పౌండ్లు కట్టమంటున్నారా? లేదా అప్పటికే కట్టేసి ఇంటికొచ్చి ఇది చదువుతున్నారా? ఆ డబ్బు వెనక్కి అడిగే హక్కు మీకుంది, అడిగే దారి లాయర్ లేకుండా మీరే నడవగలిగేదే. మనవాళ్ళలో చాలామంది, ముఖ్యంగా కొత్తగా వచ్చిన స్టూడెంట్లు, రాత్రిపూట డెలివరీ పనులు చేసేవాళ్ళు, బోర్డు మీద రాసే ఉంది కదా, ఆపింది మనమే కదా అని నోరు మూసుకుని ఊరుకుంటారు. ఊరుకోకండి. మీరు ఆపకూడని చోట ఆపారనే అనుకుందాం, అయినా సరే క్లాంప్ వేసే హక్కు వాళ్ళకి లేదు.

ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ యాక్ట్ 2012, సెక్షన్ 54. ఈ పేరు, ఈ నంబరు ఫోన్‌లో నోట్ చేసి పెట్టుకోండి. 2012 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. చట్టబద్ధమైన అధికారం లేకుండా, బండి తీసుకెళ్ళనివ్వకూడదనే ఉద్దేశంతో దానికి క్లాంప్ వేసినా, లాక్కెళ్ళినా, ఇంకే రకంగా కదలకుండా చేసినా నేరం, దానికి శిక్ష జరిమానా. "ఇంకే రకంగా" అన్నది గుర్తుంచుకోండి, ఎందుకంటే క్లాంప్ లేకుండా గొలుసు కట్టేవాళ్ళూ, కావాలని వ్యాన్ అడ్డం పెట్టి డబ్బు అడిగేవాళ్ళూ ఉంటారు. అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది, మీ కేసుకి అది ప్రాణం: బండి యజమాని ఒప్పుకున్నాడు అన్నది అధికారం కిందకి రాదు. అంటే "ఇక్కడ ఆపితే క్లాంప్ వేస్తాం" అని గోడ మీద ఎంత పెద్ద బోర్డు పెట్టినా, మీ ఫ్లాట్ అగ్రిమెంట్‌లో రాసినా, మీరు చూసి కూడా ఆపినా, దాన్ని అడ్డం పెట్టుకుని వాళ్ళు తప్పించుకోలేరు. ఒక్క మినహాయింపు, స్థిరంగా పెట్టిన గేటు లేదా బ్యారియర్. మీరు కారు ఆపేటప్పటికే అది అక్కడ ఉంటే (ఎత్తి ఉన్నా సరే), డబ్బు కట్టేదాకా తెరవం అన్నా ఈ సెక్షన్ వాళ్ళని పట్టుకోదు.

ఈ చట్టం స్కాట్లండ్‌కి, ఉత్తర ఐర్లండ్‌కి ఈ రూపంలో వర్తించదు. స్కాట్లండ్‌లో 1992 నాటి బ్లాక్ వర్సెస్ కార్మైకేల్ తీర్పుతోనే ప్రైవేట్ క్లాంపింగ్ బెదిరించి డబ్బు గుంజడం కింద, దొంగతనం కింద లెక్కయింది. కోర్టు పద్ధతి మాత్రం వేరు, అక్కడ సింపుల్ ప్రొసీజర్ అంటారు. బెల్‌ఫాస్ట్ వైపు ఉన్నవాళ్ళకి కథ పూర్తిగా వేరు, అక్కడ లైసెన్సు ఉన్నవాళ్ళు ప్రైవేట్ స్థలంలో క్లాంప్ వేయొచ్చు. కింద రాసిందంతా ఇంగ్లండ్, వేల్స్ గురించే.

ముందు క్లాంప్ ఎవరు వేశారో చూడండి

ఇది తేల్చుకోకుండా ఒక్క అడుగు కూడా ముందుకి వేయకండి. చట్టబద్ధంగా క్లాంప్ వేయగలిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు: పోలీసులు, కౌన్సిల్, డీవీఎల్ఏ (బండ్ల రిజిస్ట్రేషన్, రోడ్ ట్యాక్స్ చూసే ప్రభుత్వ సంస్థ), కోర్టు వారంట్‌తో వచ్చే బెయిలిఫ్‌లు (బాకీలు వసూలు చేసే అధికారులు). కొన్ని రైల్వే స్టేషన్ల కార్ పార్కులకి రైల్వే బైలాస్ (రైల్వేకి ఉన్న సొంత నిబంధనలు) వర్తిస్తాయి, అక్కడా సంగతి వేరు. కారుకి రోడ్ ట్యాక్స్ కట్టకపోతే డీవీఎల్ఏ తరఫున క్లాంప్ వేస్తారు. మొదటి 24 గంటల్లో విడిపించుకుంటే 100 పౌండ్లు, ట్యాక్స్ కట్టి ఉన్నట్టు చూపించలేకపోతే మామూలు కారుకి ఇంకో 160 పౌండ్లు డిపాజిట్ (15 రోజుల్లో ట్యాక్స్ కట్టినట్టు చూపిస్తే ఈ డిపాజిట్ వెనక్కిస్తారు). సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్ళు ఇది తప్పక చూసుకోవాలి, పాత ఓనర్ కట్టిన ట్యాక్స్ మీ పేరు మీదకి రాదు. పాత ఓనర్ అప్పుకోసం బెయిలిఫ్ వచ్చి మీ కారు పట్టుకుంటే అది కూడా ఈ దారి కాదు. కారు నాదే అని లిఖితపూర్వకంగా అభ్యంతరం పెట్టడానికి మీకు 7 రోజులే టైముంది, కాబట్టి వెంటనే సిటిజన్స్ అడ్వైస్‌కి (ఉచితంగా సలహా ఇచ్చే సంస్థ) ఫోన్ చేయండి.

పార్కింగ్ టికెట్‌నీ దీంతో కలపకండి. 2012లో క్లాంపింగ్ తీసేసినప్పుడు అదే చట్టంలోని షెడ్యూల్ 4 ద్వారా ప్రైవేట్ పార్కింగ్ కంపెనీలకి రిజిస్టర్డ్ కీపర్ (డీవీఎల్ఏ దగ్గర బండి ఎవరి పేరున నమోదై ఉందో వాళ్ళు) దగ్గర చార్జీ వసూలు చేసుకునే దారి ఇచ్చారు. అద్దం మీద పెట్టిన టికెట్‌ని కంపెనీకి, ఆ తర్వాత పాప్లాకో ఐఏఎస్‌కో (ప్రైవేట్ పార్కింగ్ టికెట్ల మీద అప్పీళ్ళు వినే సంస్థలు) అప్పీల్ చేసుకోవాలి. టికెట్ పెట్టి ఊరుకోకుండా చక్రానికి ఇనుము బిగించారంటే అప్పుడు ఈ వ్యాసం మీకోసం.

క్లాంప్ ఇంకా చక్రానికి ఉండగానే చేయాల్సినవి

టెన్షన్‌లో ఉంటారు, పిల్లలు కార్లో ఉంటారు, అర్ధరాత్రి అయి ఉంటుంది, అవతలివాడు గట్టిగా మాట్లాడుతుంటాడు. అయినా ఫోన్ తీసి ముందు ఫోటోలు, వీడియో తీయండి. క్లాంప్ దగ్గరగా, కారు నంబర్ ప్లేటుతో కలిపి, చుట్టూ ఉన్న బోర్డులన్నీ (బోర్డు లేకపోతే లేదని తెలిసేలా మొత్తం స్థలం), వాళ్ళ వ్యాన్ నంబరు, వ్యాన్ మీద రాసిన పేరు, ఆ మనిషి బ్యాడ్జి. బోర్డు మీద కింద చిన్న అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు, ఫోన్ నంబరు చదవగలిగేంత దగ్గరగా తీయండి. తర్వాత కోర్టులో ఎవరి మీద వేయాలో చెప్పేది ఆ చిన్న అక్షరాలే.

తర్వాత పోలీసులకి 101. బెదిరిస్తుంటే, చేయి చేసుకుంటారేమో అనిపిస్తే 999. ఫోన్ ఎత్తినవాళ్ళు ఇది సివిల్ వ్యవహారం, మేం రాం అనే అవకాశం ఎక్కువ. అప్పుడు గొడవ పడకుండా నెమ్మదిగా, సెక్షన్ 54 ప్రకారం ఇది నేరం, రిపోర్టు చేస్తున్నాను, రిఫరెన్స్ నంబర్ ఇవ్వండి అని అడగండి. పోలీసు రాకపోయినా ఆ నంబరు చాలు. జరిగిన గంటలోనే మీరు ఫిర్యాదు చేశారని అది చూపిస్తుంది, రేపు అవతలివాడు "ఈయన సంతోషంగానే కట్టారు" అంటే అబద్ధమని తేలిపోతుంది. క్లాంపర్ ముందే స్పీకర్‌లో పెట్టి మాట్లాడినా తప్పేం లేదు, కొందరు ఆ సెక్షన్ పేరు వినగానే తీసేసి వెళ్ళిపోతారు.

గ్రైండర్ తెచ్చి క్లాంప్ కోసేయకండి. కోపంలో అనిపిస్తుంది, కానీ ఆస్తి నష్టం కేసు మీ మీదకి తిప్పే అవకాశం వాళ్ళకి ఎందుకివ్వాలి? మీ చేతిలో బలమైన కేసు ఉంది, దాన్ని పాడుచేసుకోకండి.

కట్టాలా వద్దా? వాళ్ళు తీయకపోతే, పోలీసు రాకపోతే, మీకు ఉద్యోగానికో ఆసుపత్రికో వెళ్ళాల్సి ఉంటే కట్టేయండి. కట్టినంత మాత్రాన హక్కు పోదు. కానీ ఎలా కట్టారన్నది చాలా ముఖ్యం. వీలైతే కార్డుతో కట్టండి. రసీదు అడగండి, దాని మీద సంతకం పెట్టమంటే మీ సంతకం పక్కన ఇంగ్లిష్‌లో "అండర్ ప్రొటెస్ట్" అని రాయండి, అంటే ఒప్పుకుని కాదు, కారు విడిపించుకోవడానికి అభ్యంతరంతో కడుతున్నాను అని. రాయనివ్వకపోతే అక్కడే ఆ కంపెనీ నంబరుకి అదే మాట మెసేజ్ పెట్టండి. క్యాషే కావాలంటే ఏటీఎంలో తీసినప్పటి వివరాలు ఉంచుకోండి, డబ్బు చేతులు మారేటప్పుడు పక్కన ఎవరైనా ఉంటే వీడియో తీయమనండి. ఇంటికెళ్ళాక, పడుకునేముందే, జరిగింది జరిగినట్టు టైములతో సహా రాసి మీకు మీరే ఈమెయిల్ చేసుకోండి. నెలలు గడిచాక జడ్జి అడిగే ప్రశ్నలకి ఆ ఈమెయిల్ చూసుకుని జవాబు చెప్పొచ్చు.

కార్డుతో కట్టి ఉంటే మర్నాడే బ్యాంకుకి ఫోన్ చేసి చార్జ్‌బ్యాక్, అంటే కార్డుతో కట్టింది వెనక్కి రప్పించడం, అడగండి. బెదిరించి తీసుకున్న డబ్బు, చేసింది నేరం, పోలీస్ రిఫరెన్స్ ఇది అని చెప్పండి. బ్యాంకు ఒప్పుకోవాలని రూలేం లేదు, కానీ ఒప్పుకుంటే కోర్టు దాకా వెళ్ళే పనే ఉండదు. దీనికి గడువు ఉంటుంది, మామూలుగా 120 రోజులు, కాబట్టి ఆలస్యం చేయకండి.

ఎవరి మీద వేయాలి

నేను అందరికీ పట్టుబట్టి చెప్పేది ఇదే. మనవాళ్ళు క్లాంప్ వేసిన మనిషి వెంటే పడతారు. అతనికి ఒక మొబైల్ నంబరు, ఒక వ్యాన్ తప్ప ఏమీ ఉండకపోవచ్చు, కోర్టు నోటీసు వెళ్ళేసరికి అడ్రస్ మారిపోతుంది. మీరు గెలుస్తారు, చేతికి రూపాయి రాదు. స్థలం ఎక్కడికీ పోదు. ఆ స్థలం యజమాని, లేదా యజమాని తరఫున ఆ బిల్డింగ్ చూసుకునే మేనేజింగ్ ఏజెంట్, క్లాంపర్‌కి పని అప్పగించి ఉంటే, ఆ తప్పుడు పని చేయించినవాళ్ళుగా వాళ్ళూ సమానంగా బాధ్యులే. వాళ్ళకి ఆస్తి ఉంది, పేరు పోతుందన్న భయం ఉంది, వాళ్ళ సొంత లాయర్ సెక్షన్ 54 ఒకసారి చదివితే చాలు, కట్టేయండి అని చెప్తాడు. అందుకే ఇద్దరి మీదా వేయండి.

యజమాని ఎవరో తెలుసుకోవడం కష్టం కాదు. హెచ్ఎం ల్యాండ్ రిజిస్ట్రీ సైట్‌లో ఆ అడ్రస్ వెతికి 7 పౌండ్లు కడితే టైటిల్ రిజిస్టర్ వస్తుంది, యజమాని పేరు, అడ్రస్ అందులో ఉంటాయి. గవ్ డాట్ యూకే లోంచే వెళ్ళండి, ఇదే కాగితానికి ఎక్కువ గుంజే వేరే సైట్లున్నాయి. క్లాంపర్ కంపెనీ లిమిటెడ్ అయితే కంపెనీస్ హౌస్‌లో (కంపెనీలు నమోదయ్యే ప్రభుత్వ రిజిస్టర్) ఉచితంగా చూడొచ్చు. రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రస్, కంపెనీ నంబరు రాసుకోండి. కంపెనీని మూసేయడానికి నోటీసు ఇచ్చినట్టు కనిపిస్తే, మాకు డబ్బు రావాలి అని అక్కడే ఆన్‌లైన్‌లో అభ్యంతరం పెట్టొచ్చు. బోర్డు మీద ఉన్నది వట్టి వ్యాపారం పేరే అయితే దాని వెనక ఉన్న మనిషి అసలు పేరు పట్టుకోవాలి, లేకపోతే తీర్పు ఎవరి మీద అమలు చేస్తారు?

క్లాంపర్‌కి పని అప్పగించింది ఫలానావాళ్ళు అని ఎలా రుజువు చేయాలి? కోపం చూపించకుండా మేనేజింగ్ ఏజెంట్‌కి ఒక చిన్న ఈమెయిల్ పెట్టండి: మీ స్థలంలో ఫలానా తేదీన నా కారుకి క్లాంప్ వేశారు, ఈ కంపెనీకి మీరేనా పని ఇచ్చింది, ఎవరి అనుమతితో చేస్తున్నారు అని. చాలాసార్లు వాళ్ళు "అవును, మా నివాసుల సౌకర్యం కోసమే పెట్టాం, దయచేసి వాళ్ళనే సంప్రదించండి" అని మర్యాదగా జవాబిస్తారు. ఆ ఒక్క లైను మీ సాక్ష్యం. ప్రింట్ తీసి పెట్టుకోండి. లెటర్ బిఫోర్ యాక్షన్ పంపాక అడిగితే ఈ జవాబు రాదు, అందుకే ముందే అడగాలి.

లెటర్ బిఫోర్ యాక్షన్

కోర్టుకి వెళ్ళేముందు అవతలివాళ్ళకి చివరి అవకాశం ఇస్తూ లెటర్ రాయాలి, రాయకుండా వేస్తే జడ్జికి నచ్చదు. లెటర్ ఇంగ్లిష్‌లో, ఒక పేజీ మించకుండా. ఫలానా తేదీ, ఫలానా టైము, ఈ అడ్రస్‌లో నా కారు (నంబరు) కి మీరు లేదా మీ తరఫువాళ్ళు క్లాంప్ వేశారు. అది సెక్షన్ 54 కింద నేరం. సివిల్ చట్టంలో నా వస్తువు మీద అక్రమ జోక్యం, దాన్నే ట్రెస్‌పాస్ టు గూడ్స్ అంటారు. కారు మీ చేతిలో పెట్టుకుని బలవంతంగా తీసుకున్న 250 పౌండ్లు, ఆ రాత్రి ట్యాక్సీకి పెట్టిన 18 పౌండ్లు, మొత్తం 268 పౌండ్లు 14 రోజుల్లో ఈ అకౌంట్‌కి పంపండి, లేకపోతే ఇంకో నోటీసు లేకుండా కౌంటీ కోర్టులో వడ్డీతో, ఖర్చులతో కేసు వేస్తాను. అంతే, తిట్లు వద్దు, మీడియాకి చెప్తా అనే బెదిరింపులు అసలే వద్దు. ముఖ్యంగా డబ్బిస్తే పోలీసు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటా అని ఎక్కడా రాయకండి, అది మిమ్మల్నే చిక్కుల్లో పడేస్తుంది.

ఇద్దరికీ వేరువేరుగా పంపండి. పోస్టాఫీసులో మామూలు ఫస్ట్ క్లాస్ పోస్టు చేసి సర్టిఫికెట్ ఆఫ్ పోస్టింగ్ అడగండి, ఉచితంగా ఇస్తారు. సంతకం పెట్టి తీసుకోవాల్సిన పోస్టు పంపితే ఇలాంటివాళ్ళు తీసుకోరు. అదే రోజు ఈమెయిల్ కూడా చేయండి.

ఈ దశలోనే సగం డబ్బు ఇస్తాం, గుడ్‌విల్‌గా, అని ఫోన్ రావచ్చు. ఫోన్‌లో ఏదీ ఒప్పుకోకుండా రాతపూర్వకంగా పంపమనండి.

కేసు వేయడం

14 రోజులు గడిచినా కదలిక లేకపోతే గవ్ డాట్ యూకేలో "మేక్ ఎ కోర్ట్ క్లెయిమ్ ఫర్ మనీ" అన్న పేజీకి వెళ్ళండి. 10,000 పౌండ్ల లోపు డబ్బు కేసులు మామూలుగా స్మాల్ క్లెయిమ్స్‌కే (కౌంటీ కోర్టులో చిన్న మొత్తాల కేసుల పద్ధతి) వెళ్తాయి. ఫీజు 300 పౌండ్ల దాకా 35, ఐదొందల దాకా 50, వెయ్యి దాకా 70 పౌండ్లు. కట్టేముందు సైట్‌లో ఒకసారి చూసుకోండి, ఈ ఫీజులు మారుతుంటాయి. గెలిస్తే ఇవి అవతలివాళ్ళే కట్టాలి. ఆదాయం తక్కువైతే "హెల్ప్ విత్ ఫీజ్" అని ఉంది, దానికి అప్లై చేస్తే మొత్తమో కొంతో మాఫీ అవుతుంది. ఇద్దరి మీద కలిపి వేయడానికి ఆన్‌లైన్‌లో కుదరకపోతే ఎన్1 అనే పేపర్ ఫారం నింపి నార్తాంప్టన్‌లోని సివిల్ నేషనల్ బిజినెస్ సెంటర్‌కి పోస్టు చేయొచ్చు. గడువు 6 ఏళ్ళు, కాబట్టి ఎప్పుడో రెండు మూడేళ్ళ క్రితం కట్టిన డబ్బు ఉన్నా ఆశ వదలకండి.

వీసా గురించి భయపడేవాళ్ళకి ఒక మాట: మీ డబ్బు మీరు అడుగుతూ సివిల్ కోర్టులో కేసు వేయడం వీసాకి ఏ రకంగానూ అడ్డం కాదు.

కేసు పెట్టేది ఎవరు? డబ్బు కట్టినవాళ్ళు. కారు స్నేహితుడిదో బావగారిదో అయితే, ఆ రోజు కారు వాడుకోవడానికి నేనే ఇచ్చాను అని వాళ్ళ దగ్గర సంతకంతో ఒక స్టేట్‌మెంట్ తీసుకోండి.

పార్టిక్యులర్స్ ఆఫ్ క్లెయిమ్ (కేసు వివరాలు) అన్న చోట పొడుగు కథ వద్దు. ఒక్కో విషయానికి ఒక్కో నంబరు వేసి చిన్న పేరాలుగా రాయండి. ఏ తేదీన ఎక్కడ కారు ఆపారు. ఎవరు క్లాంప్ వేశారు. రెండో ప్రతివాది ఆ స్థలం యజమాని అని, పని అప్పగించింది తనే అని. అది సెక్షన్ 54కి విరుద్ధం కాబట్టి చట్టబద్ధమైన అధికారం లేదని. వస్తువు మీద అక్రమ జోక్యం జరిగిందని. కారు విడిపించుకోవడానికి బలవంతం మీద ఇంత కట్టారని. లెటర్ పంపినా డబ్బు రాలేదని. సెక్షన్ 54 ఒక్కటే రాసి ఆగిపోకండి, అది క్రిమినల్ చట్టం, డబ్బు తిరిగి ఇప్పించేది అక్రమ జోక్యం, బలవంతపు చెల్లింపు అన్న సివిల్ కారణాలు. ఆ రెంటినీ తప్పకుండా పేరు పెట్టి రాయాలి. చాలామంది రాసేదాంట్లో లోపం ఇక్కడే ఉంటుంది.

చివర్లో వడ్డీ: కౌంటీ కోర్ట్స్ యాక్ట్ 1984 సెక్షన్ 69 కింద ఏడాదికి 8 శాతం. 250 పౌండ్లకి ఏడాదికి 20 పౌండ్లు, రోజుకి ఐదున్నర పెన్నీలు. చిన్న మొత్తమే, కానీ అడగకపోతే ఇవ్వరు. ట్యాక్సీ, ఆ రోజు అద్దెకి తీసుకున్న కారు లాంటివి రసీదు ఉంటే కలపండి. మనోవేదనకి వెయ్యి పౌండ్లు అని కలపకండి, ఫీజు పెరుగుతుంది, కేసు బరువు తగ్గుతుంది.

వాళ్ళు ఏమంటారు, మీరేమనాలి

నోటీసు అందాక వాళ్ళకి జవాబివ్వడానికి 14 రోజులు, అందినట్టు ఒప్పుకుని ఇంకా టైం కావాలంటే మొత్తం 28 రోజులు. ఏమీ చేయకపోతే మీరు అదే సైట్‌లో డిఫాల్ట్ జడ్జిమెంట్, అంటే వాళ్ళు జవాబివ్వలేదు కాబట్టి విచారణ లేకుండానే తీర్పు, అడగొచ్చు. ఇది ఆటోమేటిక్‌గా రాదు, మీరే క్లిక్ చేయాలి, కాబట్టి క్యాలెండర్‌లో తేదీ పెట్టుకోండి.

జవాబిస్తే దాదాపు ఒకటే వాదన ఉంటుంది: బోర్డు పెట్టాం, చూసి ఆపాడు, అంటే ఒప్పుకున్నట్టే. ఈ వాదన ఆకాశం నుంచి ఊడిపడింది కాదు, ఒకప్పుడు దీనికి బలం ఉండేది. ఆర్థర్ వర్సెస్ యాంకర్ కేసులో అప్పీల్ కోర్టు, బోర్డు చూసి ఆపినవాడు క్లాంప్‌కి ఒప్పుకున్నట్టే అంది, అప్పుడు కూడా ఫీజు సమంజసంగా ఉండాలని, కట్టగానే ఆలస్యం లేకుండా వదలాలని షరతులు పెట్టింది. 2000లో వైన్ వర్సెస్ వాల్తమ్ ఫారెస్ట్ కేసు వచ్చింది. ఒంట్లో బాగోక దారిలో కారు ఆపి దిగిన మహిళ ఆవిడ, తిరిగొచ్చేసరికి క్లాంప్ ఉంది, బోర్డు ఆవిడకి కనిపించలేదు. చూడని బోర్డుకి ఒప్పుకోవడం అన్న ప్రశ్నే లేదు, అది ట్రెస్‌పాసే అని అప్పీల్ కోర్టు తేల్చింది. ఆ తర్వాత 2012లో పార్లమెంటు ఆ ఒప్పుకోలు వాదనని వేరుతో సహా పీకేసింది. కాబట్టి మీ జవాబు రెండు మెట్లుగా ఉండాలి. మొదటిది, ఒప్పుకోలు అధికారం కాదని సెక్షన్ 54 సబ్‌సెక్షన్ 2 చెప్తోంది, నేరం చేయడానికి ఇచ్చిన అనుమతిని అడ్డం పెట్టుకోలేరు. రెండోది, ఎలాగూ నేను బోర్డు చూడలేదు, ఇవిగో ఫోటోలు, చీకట్లో ఏమీ కనిపించదు. చూసి ఉంటే మాత్రం చూడలేదని రాయకండి. స్టేట్‌మెంట్ ఆఫ్ ట్రూత్ (రాసిందంతా నిజమేనన్న ప్రకటన) కింద సంతకం పెడుతున్నారు, అబద్ధం బయటపడితే గెలిచే కేసు కూడా పోతుంది, మొదటి మెట్టు ఒక్కటే చాలు మీకు.

యజమాని వైపు నుంచి వచ్చే వాదన వేరు: క్లాంపర్ స్వతంత్ర కాంట్రాక్టర్, మాకు సంబంధం లేదు. అప్పుడు ఆ ఈమెయిల్ తీయండి. క్లాంప్ వేయడమే వాళ్ళు అప్పగించిన పని, కాంట్రాక్టర్ దారి తప్పి చేసిన పని కాదు.

వాళ్ళు ఎదురు వాదిస్తే కేసు మీడియేషన్‌కి (మధ్యవర్తితో రాజీ చర్చ) వెళ్తుంది. 2024 మే 22 తర్వాత వేసిన ఇలాంటి డబ్బు కేసులకి ఇది తప్పనిసరి. ఖర్చు లేదు, గంట సేపు ఫోన్‌లో. మీడియేటర్ మీతో విడిగా, వాళ్ళతో విడిగా మాట్లాడతారు, మీ మాట వాళ్ళకి నేరుగా వినపడదు. ఫోన్ రాకముందే ఎంతకి ఒప్పుకుంటారో కాగితం మీద రాసుకోండి. నా అభిప్రాయం అడిగితే, కట్టిన డబ్బు, కోర్టు ఫీజు పూర్తిగా రావాలి, వడ్డీ వదులుకోవచ్చు. ఆ కిందకి దిగాల్సిన అవసరం ఈ కేసులో లేదు. ఫోన్ ఎత్తకుండా మాత్రం ఉండకండి, రాకపోతే జరిమానా లాంటివి పడొచ్చు.

విచారణ రోజు

మీడియేషన్‌లో తేలకపోతే విచారణకి తేదీ వస్తుంది. హియరింగ్ ఫీజు 300 పౌండ్ల లోపు కేసుకి 27 పౌండ్లు, గడువులోపు కట్టకపోతే కేసే కొట్టేస్తారు. మీ కాగితాలన్నీ, ఫోటోలు, రసీదు, పోలీస్ రిఫరెన్స్, ఈమెయిల్, లెటర్, పోస్టింగ్ సర్టిఫికెట్, ల్యాండ్ రిజిస్ట్రీ కాగితం, సెక్షన్ 54 ప్రింటు, పేజీ నంబర్లు వేసి ఒక కట్టగా చేసి కోర్టుకి, అవతలివాళ్ళకి పంపాలి. మామూలుగా విచారణకి కనీసం 14 రోజుల ముందు, కానీ మీకు వచ్చిన ఆర్డర్‌లో ఏ తేదీ ఉంటే అదే లెక్క. వాట్సాప్ మెసేజీలు తెలుగులో ఉంటే పక్కన ఇంగ్లిష్ అనువాదం పెట్టండి.

సినిమాల్లో చూపించే కోర్టులా ఏమీ ఉండదు. చాలాసార్లు ఒక చిన్న గది, ఒక బల్ల, అవతలి పక్క డిస్ట్రిక్ట్ జడ్జి. "జడ్జ్" అని పిలిస్తే చాలు. ఇంగ్లిష్‌లో మాట్లాడటానికి ఇబ్బంది ఉంటే, లేదా ఇది మీ అమ్మానాన్నల కేసు అయితే, వాళ్ళు గదిలో ఉండగా వాళ్ళ తరఫున మీరు మాట్లాడొచ్చు, స్మాల్ క్లెయిమ్స్‌లో లాయర్ కానివాళ్ళకి కూడా ఆ వీలుంది. ముందుగానే కోర్టుకి ఈమెయిల్‌లో చెప్పండి. ఉద్యోగానికి సెలవు పెట్టి జీతం పోతే రోజుకి 95 పౌండ్ల దాకా, ప్రయాణం ఖర్చులు, గెలిస్తే అడగొచ్చు, దానికి ఆఫీసు లెటర్, టికెట్లు తీసుకెళ్ళండి. ఓడిపోయినా సాధారణంగా అవతలివాళ్ళ లాయర్ ఫీజు మీ నెత్తిన పడదు, అందుకే వాళ్ళ లాయర్ పంపే బెదిరింపు ఉత్తరాలకి కంగారు పడనక్కర్లేదు. అసమంజసంగా ప్రవర్తిస్తేనే అది పడుతుంది.

తీర్పు వచ్చాక

కట్టడానికి తీర్పులో తేదీ ఇస్తారు. నెలలోపు పూర్తిగా కట్టేస్తే వాళ్ళ పేరు తీర్పుల రిజిస్టర్‌లోంచి తీసేస్తారు, లేకపోతే ఆ సీసీజే (కౌంటీ కోర్టు తీర్పు నమోదు) 6 ఏళ్ళు ఉండిపోతుంది. బ్యాంకు లోన్లతో, టెండర్లతో నడిచే మేనేజింగ్ కంపెనీకి అది పెద్ద తలనొప్పి, అందుకే యజమాని వైపు నుంచి చెక్కు తొందరగా వస్తుంది. రాకపోతే కోర్టు బెయిలిఫ్‌ని పంపమని అడగొచ్చు, బ్యాంకు అకౌంట్ వివరాలు తెలిస్తే (వాళ్ళకి కార్డుతో కట్టారు కదా, మీ స్టేట్‌మెంట్ చూడండి, ఏదో ఒక పేరు ఉంటుంది) ఆ అకౌంట్‌లోంచే ఇప్పించమని థర్డ్ పార్టీ డెట్ ఆర్డర్ అడగొచ్చు, యజమాని మొండికేస్తే ఆ స్థలం మీదే చార్జింగ్ ఆర్డర్ (బాకీని ఆస్తికి ముడిపెట్టే ఆర్డర్) అడగొచ్చు. తీర్పు మొత్తం 600 పౌండ్లు దాటితే హైకోర్టు ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్లకి కూడా అప్పగించొచ్చు. వీటన్నిటికీ విడిగా ఫీజు ఉంటుంది, అది కూడా వాళ్ళ బాకీలోనే కలుస్తుంది.

డబ్బు మధ్యలోనే పంపేస్తే, కోర్టు ఫీజు, వడ్డీ కలిపి లెక్క సరిపోయిందో లేదో చూసుకుని, సరిపోతేనే కోర్టుకి చెప్పి కేసు మూయండి. తక్కువ పంపి "పూర్తి పరిష్కారంగా" అని రాస్తే, అది కొంత చెల్లింపుగా మాత్రమే తీసుకుంటున్నాను, మిగతాది ఇంత రావాలి అని ఆ రోజే జవాబు రాయండి. ఆ స్థలంలో క్లాంప్ బోర్డు ఇంకా అలాగే ఉంటే, తీర్పు కాపీ జతచేసి కౌన్సిల్‌లో వ్యాపారాల మోసాలు చూసే ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కి, పోలీసులకి ఒక ఉత్తరం పంపండి, మీ తర్వాత అక్కడ కారు ఆపే కుటుంబానికి అది పనికొస్తుంది.